రెండు వేళ్ళ సందు

ఆ వేసవిలో నలభై రోజులు మా ఇల్లు చక్రాల మీద ఉంది. వినడానికి సరదాగానే ఉంటుంది. అందులో తొడ ఎముకకి రాడ్డు వేసిన మనిషిని పడుకోబెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

ముసునూరు దగ్గర సంతోష్ కుమార్ గారి మామిడి తోటకి మా నాన్న చిన్నరాయప్ప కాపలాదారు. ఏప్రిల్ మొదట్లో వచ్చిన గాలివాన మా ఇంటి పైరేకులని లేపుకెళ్ళి కుంట అవతల పడేసింది. మర్నాడు రాలిన కాయలు ఏరబోయి మా అమ్మ ఇన్నమ్మ, తడిసిన పాదులో కాలు జారి పడింది. ఆపరేషన్ అయ్యాక పంపించేస్తూ డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. ఆరు వారాలు ఆ కాలు నేలకి మోపకూడదు. కుదుపు తగలకూడదు. జారిపడితే మాత్రం మళ్ళీ అతకడం కష్టం.

అమ్మని తీసుకొచ్చేసరికి ఇంటికి గోడలే ఉన్నాయి. సంతోష్ కుమార్ గారు విజయవాడ నుంచి ఫోన్ చేసి, "కారవాన్ ఖాళీగానే ఉందిగా చిన్నరాయప్పా. కప్పు వేయించేదాకా అందులో ఉండండి," అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

కారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే గది. మంచం, పొయ్యి, బల్ల అన్నీ అందులోనే. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు తోటలో బస చేసి కాయలు కోసుకుంటారని నిరుడు కొన్నారాయన. ఇద్దరు ముగ్గురు వచ్చి ఫోటోలు దిగి వెళ్ళారు. మంచం మీద పడుకుంటే కిటికీలోంచి నీళ్ళు కనపడాలని దాని వెనక భాగం కుంట వైపుకి పెట్టి నిలిపించారు. నేల కూడా అటే వాలు. ఒకటే ఇరుసు, గది నడుముకి. ముందు చిన్న చక్రమున్న కాలు ఒకటి. వెనక దించుకోవడానికి రెండు ఇనప కాళ్ళు ఉండాలి. తెచ్చేటప్పుడు కల్వర్టు గట్టుకి కొట్టుకుని ఒకటి ఊడిపోయింది. రెండోది వంగి బిగుసుకుపోయింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మని ఎక్కించిన రోజున మాకు తెలిసింది. నాన్న భుజాల దగ్గర, నేను కాళ్ళ దగ్గర పట్టుకున్నాం. జోజమ్మ అత్తయ్య, అంటే నాన్న అక్క, మంచి ఒళ్ళున్న మనిషి, దిండ్లు పట్టుకుని వెనకే వచ్చింది. ముగ్గురం మంచం దగ్గరికి చేరి అమ్మని దించామో లేదో, కాళ్ళ కింద నేల కుంగింది. ఏతం మాను మీద మనిషి వెనక్కి నడిచినట్టు గది మొత్తం వెనక్కి వాలింది. ముందర బల్ల మీద ఉన్న స్టీలు గ్లాసు దొర్లుకుంటూ వచ్చి అమ్మ తలగడకి కొట్టుకుంది.

"ఏంటయ్యా ఇది, పడవా?" అంది అమ్మ. గొంతులో నవ్వు లేదు.

"ఎవరూ కదలకండి," అన్నాడు నాన్న.

ఒక్కొక్కరం అడుగులో అడుగు వేసుకుంటూ తలుపు వైపుకి జరిగాం. ముందు చక్రం మెల్లగా దిగి నేలని తాకిన చప్పుడు వినపడేదాకా నేను ఊపిరి తీయలేదు.

నాన్న వెంటనే గొడ్డలి తీసుకుని వెళ్ళి కొస రెండుగా చీలిన తుమ్మ పంగకర్రలు రెండు కొట్టుకొచ్చాడు.

ఇక్కడ నాన్న గురించి ఒక మాట చెప్పాలి. కాయ బరువుకి మామిడి కొమ్మ నేలకి వంగుతుంది. కింద పంగకర్ర నిలబెట్టకపోతే చీలిపోతుంది. "రాయప్ప పంగ పెడితే కొమ్మ విరగదు" అనే మాట మా చుట్టుపక్కల తోటల్లో ఉంది. ఆయన పద్ధతి ఒకటే. కర్రని కొమ్మకి ఆనించడు. పంగకీ కొమ్మకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు వదులుతాడు. కాయ ఊరేకొద్దీ కొమ్మే దిగొచ్చి పంగలో కూర్చుంటుంది. ముందే బిగించి ఆనిస్తే, గాలికి ఊగే చోటు లేక ఆనిన దగ్గరే పుటుక్కుమంటుంది.

కారవాన్ వెనక ఇనప దూలం కింద కూడా నాన్న పంగలు అలాగే పెట్టాడు. చూపుడు వేలు, నడిమి వేలు కలిపి సందులో పెట్టి చూసుకుని తల ఆడించాడు.

"దీనికి సందెందుకు నాన్నా? ఆనించెయ్యి," అన్నాను.

"ఆనిస్తే బిగుసుకుపోద్ది. బరువు దిగడానికి చోటియ్యాల అమ్మాయ్."

"లోపల బీరువా తలుపు మీద కాయితం అంటించి ఉంది. వెనక కాళ్ళు నేలకి గట్టిగా ఆనాకే లోపలికి ఎక్కాలని రాశాడు."

"ఇంగ్లీషులోనా?"

"ఆఁ."

"రాసినోడు ఎప్పుడన్నా పంగ పెట్టాడా?"

అత్తయ్య నవ్వింది. "డిగ్రీ చదివిందిరా రాయప్పా. కాస్త దాని మాట విను."

"వింటన్నాగా," అన్నాడు నాన్న, కర్ర చుట్టూ మట్టి కూరుతూ.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. బీఎస్సీ, ఫిజిక్సు. ఇరుసు ఎక్కడుందో, బరువు ఎక్కడ పడుతోందో, సందు ఎందుకు ఉండకూడదో మట్టిలో పుల్లతో గీసి చూపించగలను. చూపించలేదు. రెండు రోజుల్లో ఆయన ఇంటి కప్పు పోయింది, భార్య కాలు విరిగింది. ఇక ఆయనకి మిగిలింది చేతి పనితనం ఒక్కటే. అది కూడా తప్పని నా నోటితో అనడానికి మనసు రాలేదు.

అప్పట్నుంచి టక్కు మొదలైంది. ఎవరు మంచం వైపు నడిచినా గది రెండు వేళ్ళ మేర కిందికి దిగి పంగకి కొట్టుకునేది. టక్. తిరిగి వస్తే ముందు చక్రం నేలకి కొట్టుకునేది. టక్. అమ్మ కళ్ళు మూసుకునే, "ఇది నువ్వు. ఇది మీ నాన్న," అని చెప్పేది. అత్తయ్య వస్తే, "ఇది చెప్పక్కర్లేదు, గిన్నెలే చెప్తున్నాయి," అనేది.

"నీ కాలు బాగవనీ ఇన్నమ్మా, నీ సంగతి చెప్తా," అనేది అత్తయ్య.

నవ్వేవాళ్ళం. కానీ టక్కుమన్నప్పుడల్లా అమ్మ చెయ్యి దుప్పటిని పట్టుకోవడం నేను చూసేదాన్ని.

రోజూ పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని కారవాన్ వెనక్కి వెళ్ళేదాన్ని. ఎవరూ చూడకుండా పంగకీ దూలానికీ మధ్య నా వేళ్ళు పెట్టి చూసేదాన్ని. మొదట్లో రెండు పట్టేవి. నాలుగో రోజుకి మూడు. వారం తిరిగేసరికి నాలుగు వేళ్ళూ కలిపి పెడితే ఇంకా వదులుగానే ఉంది. ప్రతి టక్కూ కర్ర మొదలుని ఎర్రమట్టిలోకి ఒక్కో పిసరు దిగ్గొడుతోంది. కుంట చెమ్మకి అక్కడి నేల ఆరదు. సందు పెరిగేకొద్దీ దెబ్బ పెరుగుతుంది, దెబ్బ పెరిగేకొద్దీ సందు పెరుగుతుంది. నాన్నతో చెబుదామని ఆయన వైపు నడిచి, ఆయన వీపు చూసి వెనక్కి వచ్చేసిన రోజులు ఎన్నో.

ఒక మధ్యాహ్నం అమ్మ కిటికీలోంచి చూస్తూ అడిగింది. "కుంట ఎంత లోతుంటుందమ్మాయ్?"

"మోకాలి లోతు ఉంటదేమో."

నిజానికి అది మనిషి నిలువు లోతు. అమ్మకి కూడా తెలుసు. ఆ కుంట తవ్వినప్పుడు మట్టి మోసింది అమ్మే.

"మీ నాన్నతో అనకు, నేను అడిగానని. బాధపడతాడు," అంది.

మర్నాడు చన్నీళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళాను. నేను వస్తానని అమ్మ అనుకోలేదు. తువ్వాలు ఒక కొస కిటికీ కడ్డీకి ముడి వేసి ఉంది. రెండో కొస అమ్మ ఎడమ మణికట్టుకి. నన్ను చూసి గబగబా విప్పుకోబోయింది. ముడి బిగిసి రాలేదు.

"ఒక్కదాన్నే ఉన్నప్పుడే," అంది, నేరం చేసినట్టు. "గుండె దడగా ఉంటందే."

ముడి నేనే విప్పాను. విప్పి బయటికొచ్చి, ఇంటి గోడ పక్కన పడున్న రాళ్ళు ఏరి, కాయలు పోసే ప్లాస్టిక్ ట్రేలు రెండింటిలో నిండా పోశాను. కారవాన్ ముందర, కారుకి తగిలించే చోట ముక్కోణంగా ఇనప కమ్మీలు ఉంటాయి. ట్రేలని ఈడ్చుకెళ్ళి వాటి మీద పెట్టి పైన గోనెపట్టా కప్పాను. ముందు బరువు పెరిగితే వెనక దిగదు. అంతే లెక్క. ఆ సాయంత్రం అత్తయ్య మంచం దాకా నడిచింది. టక్కు రాలేదు. అమ్మ నా వైపు చూసింది. నేను చీపురు అందుకున్నాను.

రాళ్ళ సంగతి నాన్నతో చెప్పలేదు. చెబితే పంగల సంగతి చెప్పినట్టే. నేను చేసిన తప్పు అది.

మే మూడో వారంలో రసాల కోత పడింది. లారీ వచ్చి నిలబడింది. కోతవాళ్ళు పదిమంది గెడ చివర వల కట్టిన చిక్కాలు వేసి తెంపుతుంటే నాన్న పెద్ద చెట్టు మీద ఉన్నాడు. నేను వాళ్ళకి అన్నం క్యారేజీలు తీసుకుని తోట చివరికి వెళ్ళాను. అమ్మకి ఒళ్ళు తుడవడానికి అత్తయ్య వచ్చి ఉంది. గాలి ఆగిపోయి, ఆకు కదలకుండా, చెమటలు కారుతున్నాయి. పడమట ఆకాశం సీసం రంగుకి తిరిగింది.

వడ్డిస్తూ చూశాను. నాగేంద్రమ్మ అనే కోతావిడ ముందర ఉన్న ట్రేకి పిడి దగ్గర నీలం నవారు ముక్క కట్టి ఉంది. అది నేను కట్టిందే, ఈడ్చడానికి.

"ఆ ట్రే ఎక్కడిదమ్మా?"

"కారవాన్ ముందర ఉన్నయ్యి తెచ్చుకోమన్నాడు మీ నాయన. ట్రేలు చాల్లేదుగా. ఎవరో రాళ్ళు పోసి పెట్టారు చూడు, పనీపాటా లేక. పారబోసి తెచ్చేసరికి నా నడుం పడిపోయింది."

అప్పుడే మొదటి గాలి విసురు వచ్చింది. చెట్ల మీద కాయలు దబదబా రాలాయి. నేను గరిటె కింద పడేసి పరిగెత్తాను. వెనక నుంచి నాన్న చెట్టు మీద కేకేస్తున్నాడు, "ఏంటమ్మాయ్? ఏంటి?" అని. ఆగి చెప్పే తీరిక లేదు. చెప్పాల్సిన రోజుల్లో చెప్పలేదు.

కుంట గట్టు మలుపు తిరిగేసరికి కనిపించింది. ముందు చక్రం నేల మీద లేదు. జానెడు ఎత్తున గాలిలో తిరుగుతోంది. వెనక ఒక పంగ పక్కకి పడిపోయింది. రెండోది వాలి, దూలం అంచుని పట్టుకుని ఉంది. చక్రాల కింద నాన్న పెట్టిన రాళ్ళలో ఒకటి జరిగిపోయింది. గాలి ముందు నుంచి కొడుతోంది, కుంట వైపుకి.

లోపలికి ఎక్కకూడదు. ఎక్కితే ఏమవుతుందో తెలుసు. అదొక్కటే తెలుసు నాకు. దూకి ముందు కమ్మీల మీద కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నాను. నా బరువుకి కిందికి దిగింది. మళ్ళీ గాలి విసిరింది. నా కాళ్ళు నేలని వదిలాయి.

"అమ్మాయ్!" లోపల నుంచి అమ్మ. "కిటికీ ముయ్యి, వాన కొడతంది!"

"నేను రాలేను! అత్తా, నువ్వు ముందుకి రా! మెల్లగా!"

"ఎట్టా రానే! కాలు తీస్తే ఊగుద్ది! ఈవిడ ఒక్కత్తే ఉంటది!"

"నువ్వెళ్ళు వదినా," అంది అమ్మ. వాన చప్పుడులోనూ స్పష్టంగా వినపడింది. "నేనెటూ ఇక్కడే ఉంటాగా. ఎక్కడికి పోతాను?"

అత్తయ్య మోకాళ్ళ మీద పాకుతూ, జపం చదువుతూ, తలుపు దాకా వచ్చింది. దిగి నా పక్కన కూలబడింది. ముందు చక్రం నేలకి తగిలింది. జన్మలో మొదటిసారి అత్తయ్య ఒళ్ళు చూసి దేవుడికి దండం పెట్టుకున్నాను.

నాన్న వచ్చాడు. చొక్కా చిరిగి ఉంది. చెట్టు మీంచి దిగాడో, దూకాడో. మమ్మల్నిద్దర్నీ చూశాడు. ముందర పారబోసి ఉన్న రాళ్ళని చూశాడు. పైకి లేస్తున్న చక్రాన్ని చూశాడు. వెనక్కి వెళ్ళాడు.

"నాన్నా, కిందికి దూరొద్దు!"

దూరాడు. కప్పు పోయిన ఇంటి తలుపు చెక్క లాక్కెళ్ళడం కనపడింది. తరవాత ఆయన పాదాలు మాత్రమే కనపడ్డాయి, ఎర్రమట్టిలో బోర్లా. గాలి విసిరినప్పుడల్లా మమ్మల్నిద్దర్నీ ఎత్తుతోంది. ఎత్తినప్పుడల్లా వెనక భాగం ఆయన మీదికి దిగుతోంది. నేను ఆ పాదాలనే చూస్తూ కూర్చున్నాను. అవి కదులుతున్నంతసేపు ఫరవాలేదు. ఒకసారి ఆగాయి.

"అమ్మాయ్."

కింద నుంచి, నేలలోంచి వచ్చినట్టు ఉంది గొంతు.

"చెప్పు నాన్నా."

"ఆ కాయితంలో ఏం రాసుందన్నావ్?"

వాన నా నోట్లోకి కొడుతోంది. "గట్టిగా ఆనాలి అని. సందు ఉండకూడదని."

సందులోకి రాయితో చెక్క చీల కొడుతున్న చప్పుడు. ఒకటి, ఇంకొకటి. ఆఖరి దెబ్బకి గది సన్నగా మూలిగి నిలబడిపోయింది. గాలి మళ్ళీ విసిరింది. మా కాళ్ళు లేవలేదు.

నాన్న పాక్కుంటూ బయటికి వచ్చి కుడిచెయ్యి లుంగీలో చుట్టుకున్నాడు. తిన్నగా లోపలికి ఎక్కాడు. మంచం దాకా నడిచాడు. కిటికీ మూసిన చప్పుడు వచ్చింది, అంతే. ఇంకే చప్పుడూ లేదు.

నేను వెళ్ళేసరికి అమ్మ చెంపలు తడిగా ఉన్నాయి. "టక్కు రాలేదేంటయ్యా," అంటోంది.

"రాదు," అన్నాడు నాన్న.

లుంగీ ఎర్రబడటం అప్పుడు చూశాను. పంగకీ దూలానికీ మధ్య వేళ్ళు పెట్టి చూసుకోవడం ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆఖరి దెబ్బ కొట్టేటప్పుడు కూడా ఎడం చేత్తో రాయి పట్టుకుని, కుడి చెయ్యి అక్కడే పెట్టాడు. చూపుడు వేలు, నడిమి వేలు నలిగిపోయాయి. నూజివీడులో కట్టు కట్టి, గోళ్ళు మళ్ళీ వస్తాయిగానీ వేళ్ళు వంగడం మాత్రం చెప్పలేం అన్నారు. ఆటోలో తిరిగి వస్తూ నాన్న నా వైపు చూడకుండా అడిగాడు.

"రాళ్ళు నువ్వేనా?"

"ఊఁ."

"నాతో అనకూడదా?"

ఆటో ముసునూరు దాకా గతుకుల్లో పడి లేస్తూనే ఉంది.

జూన్ మొదటి వారంలో సంతోష్ కుమార్ గారు రేకులు వేయించడానికి వచ్చారు. వంగి కారవాన్ వెనక చూసి, "చెక్క మీద నిలబెట్టి చీల కొట్టావే! భలే పెట్టావయ్యా," అన్నారు.

"నాది కాదండీ. అమ్మాయి చెప్పింది," అన్నాడు నాన్న. ఆయన నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. సంతోషం వేయాలి. నా చూపు ఆయన చేతి కట్టు మీదికే పోయింది.

అప్పట్నుంచి మా ఇంట్లో అన్నీ నన్నే అడుగుతున్నారు. రేకులకి కొక్కేలు ఎన్ని వేయాలి, అమ్మ కర్ర పట్టుకుని నడవొచ్చా, మోటారు ఎప్పుడు ఆపాలి. చెబుతాను. చెప్పాక తప్పవుతుందేమోనని ఆ పని పూర్తయ్యేదాకా అక్కడే నిలబడతాను.

రసాలు, బంగినపల్లి అయిపోయాయి. కలెక్టరు రకం మామిడి చెట్లు మాత్రం మిగిలాయి. అవి ఆఖరున కోస్తారు. ఒక పొద్దున నాన్న తుమ్మ పంగ భుజాన వేసుకుని పిలిస్తే వెళ్ళాను. కాయలతో కొమ్మ మోకాళ్ళ దాకా వంగి ఉంది. అమ్మ కొత్త రేకుల కింద కుర్చీలో కూర్చుని చూస్తోంది. నాన్న ఎడం చేత్తో కర్ర నిలబెట్టి, కట్టు కట్టిన చెయ్యి సందు దాకా తీసుకెళ్ళి ఆగాడు.

"దీనికి ఆనించాలా?" అన్నాడు.

నేను చదివిన చదువులో కొమ్మల గురించి లేదు.

"దీనికి నీ పద్ధతే నాన్నా. రెండు వేళ్ళు."

"అయితే నీ వేళ్ళు పెట్టు."

కొమ్మకీ పంగకీ మధ్య రెండు వేళ్ళు పెట్టాను. నాన్న తల వంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీవి సన్నం," అన్నాడు. "మూడు పెట్టు."